అమ్మమ్మ ఇంటి మీద ఎర్ర రంగు

సబ్బవరం దగ్గర క్యాంపులో పిల్లలకి ఆదివారాలు బొమ్మలు నేర్పిస్తున్నానని తెలిశాక మా స్కూల్లో అందరూ నన్ను కొంచెం మర్యాదగా చూడటం మొదలుపెట్టారు. ప్రిన్సిపాల్ గారు అసెంబ్లీలో చెప్పి చప్పట్లు కొట్టించారు. పిల్లల మీద ప్రేమతోనే వెళ్తున్నానని వాళ్ళు అనుకున్నారు. కొన్నాళ్ళకి నేనూ అదే నమ్మాను. కానీ ఒప్పుకున్న రోజు నా మనసులో ఉన్నది వేరు. అది చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు మనిషి. నేను ఉక్కునగరం క్వార్టర్స్‌లో పెరిగాను. నాన్న నైట్ డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకుంటే ఇంట్లో చప్పుడు చెయ్యకూడదు. చప్పుడు లేని పని కాబట్టి బొమ్మలేసుకునేదాన్ని. పోటీల్లో బహుమతులు వచ్చేవి. ఆ ధైర్యంతో ఫైన్ ఆర్ట్స్ చదివాను. ఎప్పటికైనా నా బొమ్మలతో ఒక ఎగ్జిబిషన్ పెడతానని, గోడల నిండా నా పేరు ఉంటుందని అనుకున్నాను. చివరికి మధురవాడలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్నయ్యాను. క్లాసుకి వారానికి రెండు పీరియడ్లు. పరీక్షలొస్తే ఆ రెండూ మ్యాథ్స్‌కి ఇచ్చెయ్యాలి.

అలా పదేళ్ళు గడిచాక ఒకావిడ మా స్కూలుకి వచ్చింది. ఒక చిన్న సేవా సంస్థ నడుపుతుందావిడ. కారిడార్ గోడ మీద నేను వేసిన సముద్రం చూసి, ఎవరు వేశారని అడిగి, నన్ను పిలిపించుకుంది. అడవి ప్రాంతంలో గొడవలకి భయపడి రాష్ట్రం దాటి వచ్చేసిన కుటుంబాలు సబ్బవరం అవతల టార్పాలిన్ గుడిసెల్లో ఉన్నాయని, ఆ పిల్లలకి మూడు నెలలు బొమ్మల క్లాసులు పెట్టాలని చెప్పింది. ఆదివారాలంటే ఇంట్లో ఇబ్బంది అనబోతున్నాను. ఆవిడ ఇంకో మాట అంది. "ఆఖర్న బీచ్ రోడ్డులో మంచి హోటల్ హాలు తీసుకుని ఎగ్జిబిషన్ పెడదాం. కార్డు మీద మీ పేరు కూడా వేయిస్తాను."

నేను సరేనన్నాను.

సబ్బవరంలో బస్సు దిగి ఆటో మాట్లాడుకుంటే కొత్త లేఅవుట్లు దాటాక వస్తుంది ఆ క్యాంపు. రంగులేసిన సరిహద్దు రాళ్ళు వరసగా అయిపోయిన చోట నీలం టార్పాలిన్లు మొదలవుతాయి. పెద్దవాళ్ళలో ఎక్కువమంది దగ్గర్లోని ఇటుక బట్టీకి పనికి పోయేవాళ్ళు. మధ్యలో రేకుల షెడ్డు ఒకటి ఉంది, దాంట్లోనే నా క్లాసు. ముప్పై మంది దాకా పిల్లలు. వాళ్ళ భాష నాకు రాదు. నా తెలుగు చాలామందికి రాదు.

మొదటి రోజు నేను బోర్డు మీద రెండు కొండలు, మధ్యలో సూర్యుడు వేస్తే ముప్పై మందీ రెండు కొండలు, మధ్యలో సూర్యుడు వేశారు. మూడో వారానికి బోర్డు తుడిచేసి, మీకు నచ్చింది వెయ్యండన్నాను. ఆ మాట వాళ్ళకి చెప్పింది ఒక పిల్ల. పదేళ్ళుంటాయి. ఎప్పుడూ చంకలో చెల్లెలు. అక్కడి బళ్ళో చేరి ఏడాది కూడా కాలేదు గానీ అచ్చం సబ్బవరం పిల్లల్లాగే మాట్లాడేది. నేను ఒక ముక్క అంటే అది వాళ్ళ భాషలోకి తిప్పేది. వాళ్ళు అన్నది మళ్ళీ నాకు చెప్పేది. ఆ పిల్ల లేకపోతే నా క్లాసే లేదు.

చెల్లెల్ని చాప మీద కూర్చోబెట్టి బొమ్మ వేసుకునేది. క్రేయాన్ గట్టిగా అదిమి వేసేది. విరిగితే ఆ ముక్కలు పారెయ్యకుండా పెద్దవీ చిన్నవీ వరసగా పెట్టుకునేది. ప్రతి వారం ఒకటే బొమ్మ. మట్టి ఇల్లు, కప్పు మీద ఆనపకాయ పాదు, పక్కన ఇప్పచెట్టు, గుమ్మంలో ఒక ముసలావిడ. ఆవిడ ఇంటికంటే పెద్దగా ఉండేది.

"ఎవరు?" అన్నాను.

"మా అమ్మమ్మ. మాతో రానంది. అక్కడే ఉండిపోనాది."

"ఇంత పెద్దగా వేశావేం? తలుపులో ఎలా పడుతుంది?"

"వొంగుని ఎల్తాది," అంది ఆ పిల్ల, నాకు తెలీదా అన్నట్టు.

రెండు నెలలయ్యాక సంస్థ మేడమ్ బొమ్మలు చూడటానికి వచ్చింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఆ క్యాంపుకి నీళ్ళ ట్యాంకు వచ్చినా, ఆ పిల్లల్ని బళ్ళో చేర్చుకున్నా ఆవిడ తిరగబట్టే. షెడ్డులో కుర్చీ వేసుకుని ఒక్కొక్క షీటూ తిప్పింది. పందులు, కోళ్ళు, ఆనపకాయలు, మోటార్ సైకిళ్ళు, కళ్ళజోడు పెట్టుకున్న సినిమా హీరో. తిప్పడం అయ్యాక షీట్లు నా ఒళ్ళో పెట్టింది.

"బావున్నాయి. కానీ ఇలాంటివి మీ స్కూలు పిల్లలూ వేస్తారు కదా మేడమ్. వీళ్ళు అంత కష్టం పడి వచ్చారు. అది ఎక్కడా కనపడట్లేదు. వచ్చేవాళ్ళు ఏం చూసి కదులుతారు?"

ఆవిడ అన్నది నాకు తప్పనిపించలేదు. అదే నా సిగ్గు. ఆ రాత్రి కూడా అనిపించలేదు. పైగా, నిజమే, ఇంతకాలం నేనెందుకు అడగలేదు అనుకున్నాను. కార్డు మీద నా పేరుండే ఎగ్జిబిషన్‌లో ఆనపకాయలు వేలాడితే ఎవరు ఆగి చూస్తారు?

మరుసటి ఆదివారం పిల్లలతో, "మీరు ఊరొదిలి వచ్చిన రోజు వెయ్యండి," అన్నాను. ఆ పిల్ల తిప్పి చెప్పింది. ప్రతి వారం షీట్ల కోసం కొట్టుకునే పిల్లలు షీట్లు ముందు పెట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి ఒకరు బస్సు వేశారు. అది చూసి పక్కవాళ్ళూ బస్సులు వేశారు. ఈ పిల్ల మాత్రం మళ్ళీ అమ్మమ్మ ఇల్లే వేసింది.

నేను పక్కన చాప మీద కూర్చున్నాను. ఎర్ర క్రేయాన్ తీసి చేతిలో పెట్టాను.

"కప్పు మీద మంటలు వేద్దామా?"

"మా ఇల్లు కాలిపోనేదు టీచర్. మేం ఒచ్చీసినాం, అంతే."

"కొన్ని ఇళ్ళు కాలాయంటారు కదా?"

"పక్కూర్లో కాలినాయంట. నాను సూడ్నేదు."

"అయితే అలా కాలితే ఎలా ఉంటుందో వెయ్యి. బొమ్మే కదా."

టీచరు చెప్పింది కాబట్టి వేసింది. ఆనపకాయ పాదు పక్కన బొట్టంత ఎరుపు పెట్టి ఆగిపోయింది. నేను క్రేయాన్ తీసుకున్నాను. మంట ఎలా వెయ్యాలో నాకు బాగా తెలుసు. కింద పసుపు, మధ్యలో నారింజ, అంచుల్లో ఎరుపు, పైన నల్లటి పొగ చేత్తో రుద్దితే లేచినట్టు ఉంటుంది. నాలుగు నిమిషాలు పట్టలేదు. పాదు మొత్తం కప్పేశాను. చాలా ఏళ్ళ తర్వాత నా చెయ్యి నాకు నచ్చింది.

ఆ పిల్ల చూస్తూ కూర్చుంది. అప్పుడు అడిగింది. "మరి అమ్మమ్మని ఏటి సేద్దాం?"

అమ్మమ్మ గుమ్మంలోనే ఉంది. ఇంటికంటే పెద్దగా, నవ్వుతూ.

"ఉండనీ," అన్నాను. ఆవిడ అక్కడ ఉంటేనే బొమ్మ బాగుంటుందని నాకు తెలుసు.

ఎగ్జిబిషన్ ఒక ఆదివారం మధ్యాహ్నం. బొమ్మలన్నిటికీ ఫ్రేములు కట్టించారు. ఈ బొమ్మని తలుపు ఎదురుగా గోడ మీద ఒక్కదాన్నే పెట్టి, పైన లైటు వేశారు. కింద ఆ పిల్ల పేరు, వయసు. లోపలికి వచ్చినవాళ్ళు అక్కడే ఆగిపోయేవారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. మేడమ్ నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. కోటు వేసుకున్న పెద్దాయన ఒకరు, ఇంత చిన్న పిల్ల చేత ఎలా వేయించారని నన్ను అడిగారు.

"నేను రంగులిచ్చానండీ, అంతే. లోపల ఉన్నది అదే బయటికొచ్చింది," అన్నాను.

ఆ మాట ఎవరూ నా చేత అనిపించలేదు. నా అంతట నేనే అన్నాను, చిన్నగా నవ్వుతూ.

క్యాంపు వాళ్ళ కోసం మేడమ్ బస్సు పెట్టింది. వాళ్ళు అందరి తర్వాత వచ్చారు. ఏసీ చల్లదనానికి భుజాల చుట్టూ చీర కొంగులు కప్పుకుని, తివాచీ మీద చెప్పులతో నడవొచ్చా లేదా అని గుమ్మం దగ్గర ఆగారు. ఆ పిల్ల తల్లిని చెయ్యి పట్టుకుని నా దగ్గరికి తీసుకొచ్చింది. తల్లికి ముప్పై కూడా ఉండవు. బట్టీలో ఇటుకలు మోసే మనిషి. తండ్రి హార్బర్లో చేపల బోటు మీద పని, వేటకి వెళ్తే వారం పది రోజులు రాడు.

తల్లి బొమ్మ ముందు నిలబడింది. ఇల్లు గుర్తుపట్టి ముందు నవ్వింది. ఇప్పచెట్టు వైపు వేలు చూపించింది. తర్వాత ఆ వేలు పైకి వెళ్ళి ఆగింది. పిల్ల వైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో అడిగింది. పిల్ల చెప్పింది. మళ్ళీ అడిగింది, ఈసారి గొంతు మారింది. పిల్ల నా వైపు చూసింది.

తల్లి నన్నే అడిగింది, వచ్చిన తెలుగులో. "టీచరమ్మా, ఎవరు చెప్పింది? ఎప్పుడు కాలింది?"

అప్పుడు నేను చెప్పొచ్చు. కోటు పెద్దాయన నా పక్కనే ఉన్నారు. మేడమ్ ఉంది. ఇద్దరు ఫోన్లు పట్టుకుని వీడియో తీస్తున్నారు. ఒక్క వాక్యం చాలు. ఆ మంట నేను వేశానమ్మా, మీ ఇంటికేం కాలేదు. అంతే.

"పిల్లలు ఏవేవో ఊహించుకుని వేస్తారమ్మా," అన్నాను.

తప్పంతా ఆ పిల్ల మీదకి పోయింది. ఆ పిల్ల ఒక్క మాట కూడా నా మీద చెప్పలేదు. తల్లి నిలబడ్డ చోటే తివాచీ మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. గుమ్మంలో ఉన్న తన తల్లిని చూస్తూ కూర్చుంది. మిగతా ఆడవాళ్ళు చుట్టూ చేరి బొమ్మ చూసి గుసగుసగా మాట్లాడుకున్నారు. ఎవరో ఫొటో తీశారు. మేడమ్ నన్ను నీళ్ళు తెమ్మంది. నేను తెచ్చేసరికి వాళ్ళని బస్సెక్కించేశారు.

తర్వాతి ఆదివారం క్లాసు లేదు. అయినా వెళ్ళాను. గుడిసె ముందు ఆ పిల్ల చెల్లెలికి అన్నం పెడుతోంది.

"అమ్మేదీ?"

"ఊరెళ్ళింది. అమ్మమ్మని సూడ్డానికి."

అక్కడ ఇంకా దారులు బాగోలేవని, ఇటు నుంచి వచ్చినవాళ్ళని పోలీసులు, అడవిలోవాళ్ళు ఇద్దరూ అనుమానిస్తారని క్యాంపులో పెద్దవాళ్ళు చెప్పుకోవడం నేను విన్నాను.

"ఇల్లు కాలలేదని నువ్వు చెప్పలేదా?"

"సెప్పినాను. నాకెవులో సెప్పుంటారంట, నాను దాస్తన్నానంట. నమ్మదు."

"మంట నేను వేశానని ఎందుకు చెప్పలేదు?"

చెల్లెలి మూతి తుడిచి చెప్పింది. "సెప్తే నిన్ను మళ్ళీ రానివ్వరు కదా. పిల్లలకి రంగులుండవు."

నేను సంచిలోంచి షీటు, కొత్త క్రేయాన్ల డబ్బా తీసి ముందు పెట్టాను. ఇంకేం చెయ్యాలో తెలియలేదు. ఆ పిల్ల ఒక క్రేయాన్ తీసుకుని షీటు మీద ఆనించి, నా మొహంలోకి చూసింది.

"ఏటెయ్యమంటావు టీచర్?"

అంతకు ముందు ఎన్నడూ ఆ మాట అడగలేదు. నీకు నచ్చింది వెయ్యి అన్నాను. క్రేయాన్ అలాగే పట్టుకుని కూర్చుంది. చాలాసేపు కూర్చుంది.

ఆ తర్వాత రెండు వారాలూ పొద్దున్నే పేపరు తీసి ఆ వైపు వార్తలు వెతికేదాన్ని. మేడమ్‌కి ఫోన్ చేస్తే, "వాళ్ళు వెళ్తూ వస్తూనే ఉంటారు, మీరు మరీ ఎక్కువ ఆలోచించకండి," అంది. వారం మధ్యలో స్కూలు నుంచి తిన్నగా సబ్బవరం వెళ్ళేదాన్ని, బియ్యం, పాలపొడి పట్టుకుని. ఆ పిల్ల బడికి పోవడం మానేసింది, చెల్లెల్ని చూడటానికి ఎవరూ లేరు. ఆ పిల్ల మీద ప్రేమతోనే వస్తున్నానని క్యాంపులో ఆడవాళ్ళు దణ్ణం పెట్టేవాళ్ళు. ఆ దణ్ణాలు తీసుకోవడం కంటే చెంపదెబ్బ నయం అనిపించేది. అయినా నోరు విప్పలేదు.

మూడో ఆదివారం వెళ్ళేసరికి తల్లి గుడిసె బయట కూర్చుని ఉంది. చిక్కిపోయింది. ఒక అరికాలికి గుడ్డ కట్టి ఉంది. పిల్ల పక్కన కూర్చుని తిప్పి చెబుతుంటే జరిగింది తెలిసింది. ఇల్లు ఉంది. అమ్మమ్మ ఉంది. ఒక కన్ను మసకేసింది గానీ తిరుగుతోంది. ఈసారి కూడా రానంది. తిరిగి వస్తుంటే దారిలో ఆపి రెండు రోజులు కూర్చోబెట్టి అడిగినవే అడిగారట, ఎవరి కోసం వచ్చావు, ఎవరు పంపారు అని. ఇంటి బొమ్మ చూసి వచ్చానంటే నవ్వారట. ఇక్కడ బట్టీలో తన చోట ఇంకొకరిని పెట్టేసుకున్నారు. ఇదంతా తల్లి మామూలుగా చెప్పింది, బస్సు ఆలస్యమైందని చెప్పినట్టు.

అప్పుడు చెప్పాను. ఆ మంట మీ అమ్మాయి వెయ్యలేదు, నేను వేశాను, ఇల్లు కాలలేదని మీ అమ్మాయి చెప్పింది, హోటల్లో నేను అబద్ధం ఆడాను. నా తప్పుని నా కోసం తిప్పి చెప్పాల్సింది మళ్ళీ ఆ పిల్లే. తల వంచుకుని చెప్పింది. తల్లి నా వైపు చూడకుండా విన్నది. విని లేచి, కుంటుతూ పక్క గుడిసెలకి వెళ్ళి ఆడవాళ్ళని పిలిచింది.

ఆవిడ ఎందుకు పిలిచిందో తర్వాత తెలిసింది. ఆ బొమ్మ చూసిన రోజు నుంచి క్యాంపులో ఎవరికీ నిద్ర లేదు. అందరివాళ్ళూ ఎవరో ఒకరు అక్కడ మిగిలిపోయి ఉన్నారు. ఆ ఇల్లు కాలితే తమ ఇళ్ళూ కాలి ఉంటాయని, తమకి ఎవరూ చెప్పట్లేదని అనుకున్నారు. తల్లి తిరిగొచ్చి కాలలేదని చెప్పినా, ఊరడించడానికి అంటోందనుకున్నారు.

షెడ్డులో పదిహేను ఇరవై మంది చేరారు. నేను బోర్డు ముందు నిలబడి చెప్పాను. ఎప్పుడు వేశానో, ఎలా వేశానో, మీ ఊళ్ళ గురించి నాకేమీ తెలియదని, ఎవరూ నాకు కబురు చెప్పలేదని. చాలాసేపు మాట్లాడాను. పిల్ల తిప్పి చెప్పింది మాత్రం చాలా చిన్నగా ఉంది.

"ఏం చెప్పావు?" అని అడిగాను.

"బొమ్మ నాది, మంట టీచర్ది అని సెప్పినాను."

వెనక కూర్చున్న ఒక ముసలామె ఏదో అడిగింది. పిల్ల నోరు విప్పలేదు. తల్లి చెప్పింది. "ఎందుకు, అని అడుగుతోంది."

ఎందుకో నాకు తెలుసు. ఆ జవాబు చెప్పడానికి ఆ రోజు పడ్డంత కష్టం నేను ఎప్పుడూ పడలేదు. "చూసినవాళ్ళు నన్ను మెచ్చుకుంటారని," అన్నాను. పిల్ల చెప్పింది. ముసలామె నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, సరే అన్నట్టు తల ఊపి, లేచి పనికి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే లేచారు. ఎవరూ తిట్టలేదు. తిడితే ఏదో ఒకటి అనేదాన్ని.

తల్లి ఒకటే కోరింది. ఆ బొమ్మ ఎక్కడుందో అక్కడి నుంచి తీసెయ్యమంది.

మేడమ్ దగ్గరికి వెళ్ళాను. జరిగిందంతా చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది. "ఇప్పుడెలా మేడమ్," అంది. బొమ్మ ఆ కోటు పెద్దాయనకి ఇచ్చేశారు. ఆయన ఆఫీసులో మీటింగు గదిలో పెట్టుకున్నారు. సంస్థ పేరుతో క్యాలెండర్లు కూడా అచ్చేయించి పంచేశారు, మధ్యలో ఒక నెలకి ఆ బొమ్మ. నేను ఆయన ఆఫీసుకి రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ రిసెప్షన్ దాటలేదు. ఉత్తరం రాసి ఇచ్చాను. జవాబు రాలేదు. తీయించలేకపోయానని తల్లికి చెబితే "ఊ" అంది.

ఆ తర్వాత ఐదారు ఆదివారాలు వెళ్ళాను. రావద్దని ఎవరూ అనలేదు. ఆ పిల్ల వచ్చేది, షీట్లు పంచేది, నా మాటలు తిప్పి చెప్పేది. బొమ్మ మాత్రం వెయ్యలేదు. వానలకి ముందు స్థలం ఖాళీ చెయ్యమన్నారు. ఒక వారం వెళ్ళేసరికి సగం గుడిసెలు లేవు, ఆ పిల్ల వాళ్ళదీ లేదు. వాళ్ళు ఏదో కాంట్రాక్టరుతో అనకాపల్లి వైపు వెళ్ళారని ఒకరు, ఇంకా అవతలికని ఒకరు చెప్పారు. కనుక్కోవాలంటే కనుక్కోవచ్చు. దొరికితే ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

సంస్థవాళ్ళు మా స్కూలుకీ ఒక క్యాలెండర్ పంపారు. స్టాఫ్ రూములో తగిలించారు. ఆ నెల వచ్చాక మ్యాథ్స్ టీచర్ దాని ముందు నిలబడి, "ఇది మీ క్యాంపు పిల్లదే కదా మేడమ్, గుండె తరుక్కుపోతోంది," అంది.

"ఆ మంట నేను వేసింది," అన్నాను. ఈసారి వెంటనే అన్నాను.

ఆవిడ నవ్వింది. "పర్లేదు లెండి. పిల్లల పనిని అందరం కొంచెం దిద్దుతాం కదా."

ఇంకా చెబుదామనుకున్నాను. బెల్లు కొట్టారు, ఆవిడ పుస్తకాలు తీసుకుని వెళ్ళిపోయింది. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఆ పేజీ చింపెయ్యొచ్చు. చింపలేదు, ఎవరైనా ఎందుకని అడుగుతారని. ఆ నెలంతా నా టిఫిన్ డబ్బా క్లాసురూములోనే విప్పుకుని తిన్నాను.